పంచాంగం, పన్ను చట్టం, మూడు జర్మన్ సెడాన్లు

కొత్త కారు ఎప్పుడు కొనాలో మా ఇంట్లో రెండే తేలుస్తాయి. ఒకటి ఆదాయపు పన్ను చట్టం, రెండోది వంటింటి గోడకున్న పంచాంగం క్యాలెండర్. మొదటిది నా వృత్తి, రెండోది అమ్మ అధికారం. నేను హైదరాబాద్‌లో చార్టర్డ్ అకౌంటెంట్‌ని. వృత్తికి వాడే కారు మీద ఏటా 15 శాతం తరుగుదలను, అంటే పాతబడి తగ్గే విలువను, ఖర్చుగా రాసుకోవచ్చు. కాకపోతే ఆ ఆర్థిక సంవత్సరంలో బండి 180 రోజుల కంటే తక్కువ వాడకంలో ఉంటే అందులో సగమే ఇస్తారు. అంటే అక్టోబరు 3 లోపు కారు రోడ్డెక్కాలి.

2023లో ఈ రెండు లెక్కలూ కలిసి రాలేదు. జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం, శుభకార్యాలకు పనికిరాదు. సెప్టెంబరు 18న వినాయక చవితి. ఆ నెల 29న పౌర్ణమి వెళ్లగానే మహాలయ పక్షం. పితృపక్షంలో కొత్త బండి తెస్తే అమ్మ గేటు దగ్గరే ఆపేస్తుంది. పోనీ దసరాకి తీసుకుందామంటే చట్టం పెట్టిన గడువు దాటిపోతుంది. కార్లన్నీ చూసి, పాత బండి అమ్మేసరికి ఇక మిగిలింది చవితికీ పౌర్ణమికీ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధి.

క్లయింట్లకు చెప్పేదే ఇక్కడా చెప్తాను. ఆ సగం తరుగుదల ఎక్కడికీ పోదు, తర్వాతి సంవత్సరాలకు జరుగుతుంది. అరవై లక్షల బండి మీద మొదటి ఏడాది నాలుగున్నర లక్షల ఖర్చు వెనక్కి పోతుంది, 30 శాతం స్లాబులో ఉన్నవాడికి దాని మీద పన్ను సెస్‌తో కలిపి లక్షా నలభై వేలు. ఇప్పుడు కట్టాలా, తర్వాత కట్టాలా అన్నదే తేడా. అయినా ఊరందరికీ గడువులు గుర్తు చేసే మనిషి తన గడువు తాను వదులుకుంటే మనసొప్పదు కదా. క్లయింట్లు తప్పకుండా అడిగే ఇంకో ప్రశ్న, "సర్, జీఎస్టీ ఇన్‌పుట్ తీసుకోవచ్చా?" అని. అంటే కొనేటప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం. మామూలు ప్యాసింజర్ కారు మీద మనలాంటివాళ్లకు రాదు, జీఎస్టీ చట్టంలోని సెక్షన్ 17(5) ఆపేస్తుంది. ఆ పన్నంతా కారు ధరలో కలిసిపోయినట్టే.

పాత కారు 2017 స్కోడా ఆక్టావియా. దానికి పెద్ద జబ్బేమీ లేదు. కానీ రెండు మూడు వారాలకోసారి ఖమ్మం వెళ్లి రావాలి, వచ్చేటప్పుడు అమ్మనీ నాన్ననీ హాస్పిటల్ చెకప్‌లకు తీసుకురావాలి. నాన్నకు మోకాళ్ల నొప్పులు. ఇక మావాడొకడు, అంటే మా బావమరిది, "ఎన్నాళ్లు బావా ఇది, నీ క్లయింట్లు కూడా నీకంటే పెద్ద బండ్లలో వస్తున్నారు" అని ఏడాదిగా చెవిలో జోరీగలా పోరుతున్నాడు.

ఎస్‌యూవీ వద్దని ముందే అనుకున్నాం. ఎక్కడానికి అమ్మకు ఎత్తు, హైవే మీద నాకు ఊగుడు. సెడాన్లలో అప్పటికి చూడదగ్గవి మూడు: ఆడి ఏ4, మెర్సిడెస్ సీ-క్లాస్, బీఎండబ్ల్యూ 3 సిరీస్ గ్రాన్ లిమోసిన్. లెక్సస్ ఈఎస్ 300హెచ్ కూడా చూశాను, నాకు బాగా నచ్చింది. హైబ్రిడ్ కాబట్టి ట్రాఫిక్‌లో చప్పుడే వినపడదు. కానీ దాని పొడవు 4,975 మిల్లీమీటర్లు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా స్లాటుకి వెనక గోడ, ముందు పక్కింటాయన ఇన్నోవా. టేపు పెట్టి కొలిస్తే లెక్సస్ మూతి ఆయన దారిలోకి వస్తుంది. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో అప్పటికే ఉన్న గొడవలు చాలనుకుని ఊరుకున్నాను. మిగతావాటిలో 3 సిరీస్ 4,823, ఏ4 4,762, సీ-క్లాస్ 4,751. మూడూ పడతాయి.

ధరల విషయానికొస్తే, ఆ జనవరిలో మార్పులతో వచ్చిన 3 సిరీస్ పెట్రోల్ 330ఎల్ఐ ఎక్స్-షోరూమ్ 57.90 లక్షలు, డీజిల్ 320ఎల్‌డీ 59.50 లక్షలు. సీ-క్లాస్ 2022 మేలో 55 లక్షల దగ్గర మొదలై నేను అడిగేసరికి అరవై అటూ ఇటూ అయింది. ఏ4 వేరియంటును బట్టి వీటికంటే బాగా తక్కువ. ఇవన్నీ విదేశాల నుంచి తయారై వచ్చేవని చాలామంది అనుకుంటారు గానీ మూడూ ఇక్కడ బిగించేవే. బెంజ్ పూణే దగ్గర చాకన్‌లో, బీఎండబ్ల్యూ చెన్నై దగ్గర, ఆడి ఔరంగాబాద్‌లో (ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్).

ఎక్స్-షోరూమ్ ధర చూసి గుండె దిటవు చేసుకున్నాక అసలు దెబ్బ ఆన్-రోడ్‌లో పడుతుంది. ఇరవై లక్షలు దాటిన కారుకి అప్పట్లో తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ 18 శాతం. 59.50 లక్షల బండికి అదొక్కటే 10 లక్షల 71 వేలు. ఆ డబ్బుతో ఒక మంచి హ్యాచ్‌బ్యాక్ వస్తుంది. ఆపైన కారు ధర మీద టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే మన దగ్గర వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను, ఒక శాతం. ఇది రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది కాబట్టి ఖర్చు కాదు, కానీ ఆ రోజు చెక్కు రాయాల్సిందే. ఇన్సూరెన్స్ కలిపితే డెబ్బై దాటి ఇంకా పైకి. చాలామందికి తెలియని ముడి ఇంకొకటుంది. మన పేరు మీద అప్పటికే ఒక కారుంటే రెండో కారుకి లైఫ్ ట్యాక్స్ ఇంకో 2 శాతం ఎక్కువ. అంటే లక్షా 19 వేలు. అందుకని కొత్తది బుక్ చేయడం కంటే ముందు ఆక్టావియాని అమ్మేసి, ఆర్సీ కొన్నాయన పేరు మీదికి మారేదాకా వెంటపడ్డాను. షోరూమ్‌లో ఎక్స్‌చేంజ్‌కి ఇస్తే బోనస్ అన్నారు గానీ, బోనస్ కలిపి వాళ్లిచ్చే ధర బయట అడిగిన ధరకి ఎక్కడా దగ్గరికి రాలేదు.

టెస్ట్ డ్రైవ్‌లన్నీ అధిక మాసంలోనే పెట్టుకున్నాను. అదొక తెలివైన పని అని ఇప్పటికీ అనుకుంటాను. ఆ నెల్లో ఎవరూ కొనరు. షోరూమ్‌లు ఖాళీ. సేల్స్ కుర్రాళ్లు తీరిగ్గా మాట్లాడతారు, బండి ఎక్కువసేపు ఇస్తారు. ఒక షోరూమ్‌లో మాత్రం నున్నటి రోడ్డు మీద రెండు సందులు తిప్పి "ఇంతే సర్ రూట్" అన్నారు. బండిలో డీజిల్ లైటు వెలుగుతోంది. అది ఏ బ్రాండో చెప్పను, ఎందుకంటే అదే బ్రాండ్ ఇంకో డీలర్ దగ్గర అడిగితే నార్సింగి దగ్గర ఔటర్ ఎక్కించి, ఎంతసేపైనా నడపమన్నారు. అప్పటినుంచి నాకు బ్రాండ్ వేరు, డీలర్ వేరు అని బాగా అర్థమైంది.

నడపడంలో మూడూ మూడు రకాలు. ఏ4 పెట్రోల్ ఒక్కటే, 2020 ఏప్రిల్ నుంచి ఆడి ఇక్కడ డీజిల్ మానేసింది. ఇంజిన్ సన్నగా, నునుపుగా ఉంటుంది, ముందు చక్రాలు లాగుతాయి. ఏసీకి నాబ్‌లు ఇంకా చేతికి దొరికేలా ఉన్నాయి, దానికి నేను వేరే మార్కులు వేశాను. మిగతా రెండింట్లో ఏసీ కూడా స్క్రీన్‌లోకి పోయింది. సీ220డీ డీజిల్‌లో 200 హార్స్‌పవర్, 440 న్యూటన్ మీటర్ల టార్క్. పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు, ఎత్తు మీద కూడా అలసట లేకుండా పోతుంది. లోపల కూర్చుంటే ఏదో ఖరీదైన హోటల్ లాబీకి వచ్చామనిపిస్తుంది: మధ్యలో నిలువుగా 11.9 అంగుళాల స్క్రీన్, తలుపుల్లో రంగుల లైట్లు. 320ఎల్‌డీకి కాగితం మీద బలం కొంచెం తక్కువే, 190 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్లు. కానీ దాని ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ముందు మిగతావి నాకు నెమ్మదిగానే అనిపించాయి. మనం అనుకునే లోపు గేరు మారిపోతుంది, మారినట్టు తెలియదు. స్టీరింగ్ బరువుగా, నమ్మకంగా ఉంటుంది.

బావమరిది మాత్రం 330ఎల్ఐ దగ్గరే ఆగిపోయాడు. 258 హార్స్‌పవర్, వందకి చేరడానికి 6.2 సెకన్లు. ఔటర్ మీద ఒకసారి నొక్కి చూసి "బావా, ఇంక మాటల్లేవ్" అన్నాడు. పైగా డీజిల్ కంటే లక్షా అరవై వేలు తక్కువ. నేను ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాను. ఏడాదికి 15,000 కిలోమీటర్లు. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో పెట్రోల్ 109.66, డీజిల్ 97.82. లీటరుకి పెట్రోల్ పది కిలోమీటర్లకి, డీజిల్ పదిహేనుకి లెక్కేసుకున్నా ఏటా తేడా అరవై ఆరు వేలు పైనే. రెండున్నరేళ్లలో ధరలో తేడా తీరిపోతుంది. "నీతో కార్లు చూడటం కంటే ఆడిట్‌కి రావడం నయం" అని వాడు విసుక్కున్నాడు.

అలాగని డీజిల్ అందరికీ సరిపోదు. బీఎస్-6 డీజిల్‌లో పొగగొట్టంలోని మసిని పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని కాల్చుకోవడానికి దానికి కాసేపు ఆగకుండా వేగంగా తిరిగే రోడ్డు కావాలి. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లు ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లకు అది నిండిపోయి, వార్నింగ్ లైటు వెలిగి, టెన్షన్ పెడుతుంది. నాకు ఖమ్మం ప్రయాణాలున్నాయి కాబట్టి ధైర్యం చేశాను. లేకపోతే కళ్లు మూసుకుని పెట్రోల్ తీసుకోమనే చెప్పేవాణ్ణి. యాడ్‌బ్లూ అనే యూరియా ద్రావణం కూడా అప్పుడప్పుడూ పోయించాలి. అది పెద్ద ఖర్చేమీ కాదు, గుర్తు పెట్టుకోవాలంతే.

ఒక విషయంలో మాత్రం మూడు కంపెనీల మీదా నాకు కోపమే. హైదరాబాద్ ఎండల్లో అరవై లక్షల కారు ముందు సీట్లకు అప్పటికి వెంటిలేషన్ లేదు. అదే ఏడాది వచ్చిన హ్యుందాయ్ వెర్నా టాప్ వేరియంట్‌లో ఉంది.

ఇక వెనక సీటు. నడిపేది నేనైనా, ఈ బండి కొనేది వెనక కూర్చునేవాళ్ల కోసం. అందుకే అమ్మా నాన్నా చెకప్‌కి వచ్చినప్పుడు ఇద్దర్నీ మూడు షోరూమ్‌లకూ తిప్పాను. అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎక్కుతుంటే సేల్స్ కుర్రాడు పరుగెత్తుకొచ్చి తలుపు పట్టుకుంటాడు. షోరూమ్ మర్యాద కాకుండా అసలు సంగతి తెలియాలని, "నువ్వు దూరంగా ఉండు బాబూ, వాళ్లనే ఎక్కనీ" అన్నాను. నాన్న ఏ4లో కూర్చుని కాళ్లు సర్దుకున్నారు. మధ్యలో ఎత్తుగా ఉన్న గట్టు తగిలి, కాళ్లు ఒక పక్కకే పెట్టుకోవాల్సి వచ్చింది. సీ-క్లాస్‌లో సీటు మెత్తన నచ్చింది, లైట్లు ఇంకా నచ్చాయి. "బెంజ్ అంటే బెంజేరా" అన్నారు, ఖమ్మంలో ఎవరెవరికి చూపించాలో అప్పుడే లెక్కేసుకుంటూ. దిగేటప్పుడు మాత్రం రెండు చేతులూ తలుపు చట్రం మీద ఆనించి, ఒక కాలు బయట పెట్టి, రెండో కాలు మడవలేక ఆగారు. ఒకటి రెండు సార్లు ఊగి, నా భుజం పట్టుకుని లేచారు.

"కూర్చోవడం ఎవరైనా కూర్చుంటార్రా. దిగడం చూసి కొను" అన్నారు.

3 సిరీస్ గ్రాన్ లిమోసిన్ చక్రాల మధ్య దూరం 2,961 మిల్లీమీటర్లు, మామూలు 3 సిరీస్ కంటే 110 ఎక్కువ. ఆ నాలుగు అంగుళాల పైచిలుకు అంతా వెనక సీటుకీ వెనక తలుపుకీ ఇచ్చారు. సీటు ఎత్తులో పెద్ద తేడా ఏమీ లేదు, అదీ కిందికే ఉంటుంది. కానీ తలుపు వెడల్పు వల్ల నాన్న ముందు శరీరం మొత్తం పక్కకి తిప్పి, రెండు కాళ్లూ కలిపి నేల మీద పెట్టి లేవగలిగారు. మోకాలు తిప్పాల్సిన పని లేకుండా పోయింది. ఆ తలుపు పొడవుకి ఇంకో చిక్కు ఉంది. సెల్లార్‌లో స్తంభం పక్కన పెడితే పూర్తిగా తెరుచుకోదు. దానికి అమ్మా నాన్నల్ని లిఫ్ట్ దగ్గరే దించేసి తర్వాత పార్క్ చేసుకుంటున్నాను.

ఇక్కడితో చాలామంది నిర్ణయానికి వచ్చేస్తారు. నాకైతే సగం పనే అయినట్టు. ఈ బండ్ల మీద ఖర్చు కొన్న రోజుతో ఆగదు. అందుకే శనివారం పొద్దున్నే, రద్దీ ఎక్కువగా ఉండే టైంలో, ఒక్కో డీలర్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి రిసెప్షన్‌లో కూర్చున్నాను. సోఫాలు, కాఫీ, బిస్కట్లు అన్ని చోట్లా ఒకటే. చూడాల్సింది కౌంటర్. వచ్చిన కస్టమర్‌ని ఎంతసేపటికి పలకరిస్తున్నారు, బండి చుట్టూ తిరిగి గీతలు రాసుకుంటున్నారా, జాబ్ కార్డు మీద అంచనా మొత్తం వేస్తున్నారా లేక ఖాళీగా సంతకం పెట్టించుకుంటున్నారా. ఒక చోట ఒక పెద్దాయన వెనక బంపర్ కోసం చాలా రోజులుగా తిరుగుతున్నాడు. పార్ట్ రాలేదంటారు, ఎప్పుడొస్తుందంటే ఎవరూ చెప్పరు. ఆయన ఫైలంతా నాకు చూపించాడు. సర్వీస్ సెంటర్‌లో ఎదురుచూసే మనిషి కంటే నిజం చెప్పేవాడు ఇంకొకడు దొరకడు. పక్కన కూర్చుని "బండి ఎలా ఉంది సర్" అని ఒక్క మాట అంటే చాలు.

సర్వీస్ అడ్వైజర్‌ని నేను అడిగింది ఒకటే. మూడో ఏడు, నాలుగో ఏడు నాకు ఎంత బిల్లు వస్తుందో కాగితం మీద రాసివ్వండి. ఆయిల్, ఫిల్టర్లు, ముందు వెనక బ్రేక్ ప్యాడ్లు, వాటి సెన్సర్లు, డిస్కులు, బ్యాటరీ, ముందు అద్దం. ఒక్కో దానికీ పార్టు ఎంత, లేబర్ ఎంత, జీఎస్టీ ఎంత. ఒక చోట "అంత దూరం ఎందుకు సర్, ప్యాకేజీ తీసుకోండి" అని దాటేశారు. ఒక చోట మెయిల్ చేస్తామన్నారు, ఆ మెయిల్ ఇప్పటికీ వస్తూనే ఉంది. ఒక్క అడ్వైజర్ మాత్రం సిస్టమ్‌లో పార్ట్ నంబర్లు కొట్టి, ప్రింట్ తీసి, స్టాంపు వేసి చేతికిచ్చాడు. "ధరలు ఏటా పెరుగుతాయి సర్, దీని మీద ఎంతో కొంత వేసుకోండి" అని కూడా చెప్పాడు. ఆ కుర్రాడికి నేను మనసులో సగం బుకింగ్ ఇచ్చేశాను.

వారంటీ కూడా ఒకేలా ఉండదు. అప్పట్లో బెంజ్ మూడేళ్లు ఇచ్చేది, బీఎండబ్ల్యూ రెండేళ్లు, కిలోమీటర్ల లెక్క లేదు. కాబట్టి ధరలు పోల్చేటప్పుడు బీఎండబ్ల్యూ వైపు పొడిగింపు ఖర్చు కూడా కలిపితేనే సరైన పోలిక. సర్వీసు కూడా బెంజ్‌లో ఏడాదికోసారి ఖాయం. బీఎండబ్ల్యూలో బండే తన అవసరం చూసుకుని స్క్రీన్ మీద చెప్తుంది.

బేరం సంగతి. మెర్సిడెస్ 2021 అక్టోబరు నుంచి మన దేశంలో అమ్మే పద్ధతి మార్చేసింది. బండ్లు డీలర్‌వి కావు, కంపెనీవే. ఇన్‌వాయిస్ కూడా కంపెనీ పేరు మీదే వస్తుంది. దేశమంతా ఒకటే ఎక్స్-షోరూమ్ ధర, డీలర్ చేతిలో తగ్గించడానికి ఏమీ ఉండదు. నాలాంటి వాడికి అదొక రకంగా హాయి. పక్క సీటాయన నాకంటే రెండు లక్షలు తక్కువకి కొన్నాడేమో అన్న దిగులుండదు. మిగతా రెండు బ్రాండ్లలో పాత పద్ధతే, డీలర్‌తో కూర్చుని తేల్చుకోవాలి. డిస్కౌంట్ ఎంతొచ్చిందో చెప్పను గానీ, నగదు తగ్గింపు కంటే పొడిగించిన వారంటీ, సర్వీస్ ప్యాకేజీ అడగడం మేలు. వాటి మీద డీలర్‌కి పడే ఖర్చు తక్కువ, మనకి దక్కే విలువ ఎక్కువ. కాబట్టి త్వరగా ఒప్పుకుంటారు.

ఒక షోరూమ్ కొటేషన్‌లో "హ్యాండ్లింగ్ ఛార్జీలు" అని ఒక వరుస ఉంది. నేను గొంతు పెంచలేదు. "దీన్ని ఇన్‌వాయిస్‌లో ఏ పద్దు కింద చూపిస్తారు, జీఎస్టీ ఎంత వేస్తారు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఏంటి?" అని అడిగానంతే. కుర్రాడు మేనేజర్ దగ్గరికి వెళ్లి వచ్చాడు. కొత్త ప్రింట్‌లో ఆ వరుస లేదు.

ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. బయట నాలుగు కొటేషన్లు తీసుకుని అదే ఐడీవీకి, అంటే బండికి కట్టిన అదే బీమా విలువకి, పోల్చి, తగ్గించమంటే తగ్గించారు. పార్టుల తరుగుదల కోయకుండా క్లెయిమ్ ఇచ్చే జీరో డిప్రిసియేషన్ ఎలాగూ ఉండాలి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు ఇంజిన్ ప్రొటెక్షన్ కూడా వదలొద్దు. 2020 అక్టోబరు వానల్లో కార్లు కాగితం పడవల్లా కొట్టుకుపోవడం ఈ ఊళ్లో అందరం చూశాం. ఇంజిన్‌లోకి నీళ్లు పోయాక స్టార్ట్ చేస్తే పాడయ్యే ఇంజిన్‌కి మామూలు పాలసీ డబ్బివ్వదు.

ఫైనాన్స్ డెస్క్ దగ్గర తక్కువ ఈఎంఐ చూపిస్తారు. చూడటానికి బాగుంటుంది. కింద చిన్న అక్షరాల్లో చివరి వాయిదా ఒకటి ఉంటుంది, కారు ధరలో మూడో వంతో ఇంకా ఎక్కువో. ఆ రోజు కట్టాలి, లేదా ముందే ఒప్పుకున్న ధరకి బండి వాళ్లకే ఇచ్చేయాలి. మూడేళ్లకోసారి కారు మార్చేవాళ్లకు అది పనికొస్తుందేమో. పదేళ్లు వాడేవాడు మాత్రం మొత్తం ఎంత కడుతున్నాడో కూడి చూసుకోవాలి. నేను మామూలు బ్యాంకు లోన్‌కే వెళ్లాను.

చివరికి 320ఎల్‌డీ. ఏ4 మీద పెట్టే రూపాయికి వచ్చే విలువ అన్నిటికంటే ఎక్కువ, నాన్న మోకాళ్లు బాగుంటే అదే తీసుకునేవాణ్ణి. సీ-క్లాస్ అంటే నా భార్యకు ఇష్టం, ఇప్పటికీ సిగ్నల్ దగ్గర కనిపిస్తే "ఏమండీ, చూడండి" అంటుంది.

డబ్బు మొత్తం కట్టే ముందు స్టాక్‌యార్డ్‌కి వెళ్లాను. ఛాసిస్ నంబర్ ముందే తీసుకుని, కంపెనీ ఇచ్చే ఫామ్ 22 సర్టిఫికెట్‌లో తయారైన నెల చూసుకున్నాను. టైర్ల పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. నాలుగు టైర్లూ, స్టెప్నీ కూడా చూశాను. డిక్కీ తెరిస్తే స్టెప్నీ నేల మీదే బైఠాయించి ఉంది, పెద్ద సూట్‌కేసు పట్టే చోటు అదే తినేస్తుంది. వెలుతురులో పెయింట్, తలుపుల సందులు, ఓడోమీటర్. యార్డ్ మనిషి ఒకాయన నన్ను చూసి "సారు ఆడిటరా?" అన్నాడు.

వినాయక మండపాల మధ్య నుంచి, సగం రోడ్లు మూసి ఉండగా, నిమజ్జనానికి ముందే బండి ఇంటికి చేరింది. అమ్మ నిమ్మకాయలు నాలుగు చక్రాల కిందా పెట్టించింది. ఫ్యాన్సీ నంబర్ జోలికి పోలేదు. ఖైరతాబాద్‌లో 9999 కోసం లక్షలు పోసేవాళ్ల సరదా వాళ్లది.

ఆ తర్వాత అనుభవం గురించి పెద్దగా చెప్పడానికి లేదు, అదే మంచి మాట. ఖమ్మం హైవే మీద లీటరుకి పదిహేడు పద్దెనిమిది వస్తుంది, ఊళ్లో పన్నెండు. సూర్యాపేట దాటాక ఒక గుంతలో టైర్ పక్క గోడ ఉబ్బింది. 18 అంగుళాల చక్రాలకు రబ్బరు మందం తక్కువ, మన రోడ్లకి అదొక్కటే భయం. స్పీడ్ బ్రేకర్ల దగ్గర బండి నిండా మనుషులుంటే ఏటవాలుగా ఎక్కిస్తున్నాను. ప్యాకేజీలో లేని పనులకు బిల్లు వచ్చినప్పుడల్లా ఆ స్టాంపు కాగితం తీసి పోల్చుకుంటాను, ఇప్పటిదాకా అంచనాకి దగ్గర్లోనే ఉంది.

ఇప్పుడు బావమరిది వంతు. వాడి లెక్కలు నా లెక్కల్లా ఉండవు. నేను కొన్నప్పుడు ఇలాంటి కారు మీద జీఎస్టీ 28, సెస్ 20, కలిపి 48 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్ తీసేసి మొత్తం 40 చేశారు. ఆ మిగిలిన డబ్బుతో 330 పెట్రోలే కొంటానని పట్టుబట్టి కూర్చున్నాడు. సర్వీస్ సెంటర్‌లో ఒక శనివారం కూర్చోమన్నాను, సరేనన్నాడు. మామయ్యగారిని వెనక సీట్లో ఎక్కించి దింపి చూశావా అని అడిగాను.

"ఆయన ముందే కూర్చుంటారు బావా. వెనక అక్క కూర్చుంటుంది" అన్నాడు. ఆ మాట వాళ్లక్కకి ఇంకా చెప్పలేదు.